దొరికిన చోటు

పోలీసు బండి వెనక తలుపు తెరిస్తే
ఇవాళ పదకొండు అట్టపెట్టెలు.
అరటిపళ్లవి, చెప్పులవి,
ఒకటి పసిపిల్లల పాలడబ్బాలది.
సార్జెంట్ మొక్వేనా సంతకం పెట్టించుకుంటూ
"ఇవి మొక్కలా, రాళ్లా?" అని ఎప్పటిలాగే అడిగాడు.
ఎప్పటిలాగే నేను నవ్వలేదు.

మా నమక్వాలాండ్‌లో వీటిని చిట్టి కాలివేళ్లంటాం.
తెల్లని పలుగురాళ్ల సందుల్లో
నేల కింద ఎవరో పడుకుని
వేళ్లు మాత్రం బయటపెట్టినట్టుంటాయి.
ఎండాకాలం రాగానే పాత ఆకు
తనలోని తడినంతా కొత్త ఆకుకు తాగించి
తాను కాగితమై దానిమీదే కప్పుకుంటుంది.
ఆ కాగితాల దొంతర చూస్తే
కొన్ని గుత్తులు మా అమ్మమ్మ కంటే పెద్దవి.

నా పని తేలిక.
కుళ్లిన వేరు కోయడం,
ఇసుక ట్రేలో నిలబెట్టడం, ఫారం నింపడం.
జాతి: రాస్తాను.
సంఖ్య: నాలుగు వందల పన్నెండు. చచ్చినవి ఆరు.
దొరికిన చోటు:
అక్కడ ఎప్పుడూ ఒక గీత.

ఈ గుట్ట వేలు ఆ గుట్ట వేలు కాదు.
మధ్యలో కాస్త ఎర్రమట్టి మైదానం ఉంటే చాలు,
వాటికి అదే సముద్రం.
తెలియని గుట్టమీద నాటితే
రెండు వంశాలూ చెడతాయని
ఇల్సా మేడమ్ మొదటిరోజే చెప్పింది.
అందుకే షెడ్డు నిండా, నీడవల కింద
నంబర్లు తగిలించుకుని
ఇంటిదారి తెలియని వేలాది కాలివేళ్లు.

ఏడో పెట్టెలో ఒక రొట్టెల సంచి.
మూతికి కట్టిన తాడు విప్పబోయి ఆగిపోయాను.
రెండు చుట్లు, ఒక మెలిక, కొస లోపలికి దోపి.
మేకపిల్ల మెడ ఒరుసుకుపోకుండా
మా నాన్న కనిపెట్టిన ముడి.
ఆయన ఇద్దరికే నేర్పాడు.
ఒకదాన్ని నేను.

గావీ.
రాగి గని మూసేశాక వాడు తట్టని తలుపు లేదు.
ఫోన్‌లో బొమ్మలు పంపే ముఖంలేని మనుషులు
సంచికి ఎంతిస్తారో ఊళ్లో అందరికీ తెలుసు.
పోయిన నెల నా కూతురికి బడిబూట్లు కొన్నాడు,
వేళ్లు నొక్కుకుపోకుండా ఒక సైజు పెద్దవి.
డబ్బెక్కడిదని నేను అడగలేదు.
అడగలేదు.

సంచి అడుగున ఒక పలుగురాయి,
ఒకవైపు నారింజరంగు పాచి.
విట్‌క్లిప్ గుట్ట ఉత్తరపు వాలు.
చిన్నప్పుడు మేకల్ని వదిలేసి
ఇద్దరం గోనెపట్టా మీద జారిన చోటు.
నా లంగా వెనక ఆ రంగు
ఎన్ని ఉతుకులకీ పోలేదు.

ఆ ఫారం నాలుగు రోజులు సొరుగులో ఉంది.

ఐదో రోజు చీకటిపడ్డాక తాళం వేస్తుంటే
ఏదో వాసన.
ఏడో పెట్టెవాటిలో ఒకటి పూసింది.
గోరంత పువ్వు. రాత్రిపూట మాత్రమే తెరిచేది,
ఆ వాలుమీద తిరిగే ఏదో రెక్కపురుగు కోసం.
ఇక్కడ దానికి దొరికింది ట్యూబులైటు, నేను.

కుర్చీ లాక్కున్నాను.
దొరికిన చోటు: విట్‌క్లిప్, ఉత్తరపు వాలు.
దాని కింద ఇంకో గడి ఉంది.
ఇన్నేళ్లలో దానితో పని పడలేదు.
ఎలా తెలిసింది:

తాడు ముడివల్ల, అని రాశాను.
కాసేపాగి, ముడి వేసినవాడి పేరు.

అప్పుడు వాడికి ఫోన్ చేశాను.
"నీ పేరు రాశాను గావీ."
అవతల మేకల గంటలు.
"మేడమ్ వీటిని వెనక్కి నాటుతుందట.
ఏ గుంట ఎక్కడ తవ్వావో
నీకు తప్ప ఎవరికీ తెలీదు."
గంటలు. గాలి. ఒక మేక దగ్గు.
పెట్టేశాడేమో అనుకున్నాను.

"నీళ్లు కూడా తేనా అక్కా?" అన్నాడు.