హార్

ఏప్రిల్ శనివారం, ఎల్గిన్ దాటాక పెట్రోలు బంకు దగ్గర
నన్నెక్కించుకుంది టీమ్ వ్యాను.
చివరి వరుసలో బంతుల సంచీ పక్కన నా చోటు.
ముందు సీట్లో ఎవరో మోకాలికి పట్టించిన తైలం ఘాటుకి
కళ్ళల్లో నీళ్ళు.
"ఈసారైనా నా మంచివైపు తియ్యి తల్లీ"
అన్నాడు మర్డో,
ముక్కు రెండుసార్లు విరిగినవాడు,
ఎడమకోసారి, కుడికోసారి.

ఐదో డివిజన్.
స్కాట్లాండ్ ఈశాన్యపు అంచున
సముద్రం కొరికి వదిలేసిన ఊళ్ళు.
వీళ్ళ స్కోర్లు సోమవారం పేపర్లో వస్తాయి,
మరణవార్తల కింద, ఇంకా చిన్న అక్షరాల్లో.
నాకు ఫోటోకి పన్నెండు పౌండ్లు,
అదీ గోల్ పడితేనే.
పడకపోతే ఎడిటర్ గ్రిజెల్‌ది ఒకటే మాట:
"గడ్డి బొమ్మలు నా దగ్గర బోలెడున్నాయి."

కారిక్‌హేవెన్ మైదానానికి మూడువైపులే గోడ,
నాలుగోవైపు నీళ్ళు.
బంతి అటు పోతే
నారింజరంగు రెయిన్‌కోటులో ఇన్నెస్ తాత
తాపీగా పడవ విప్పుతాడు.
గేటు దగ్గర టికెట్లు చింపేది యూనా,
విరామంలో మాంసం పైలు వేడిచేసేదీ ఆవిడే,
మైకులో ఆటగాళ్ళ పేర్లు చదివేదీ ఆవిడే.
ఒక పేరు దగ్గర మాత్రం గొంతు సవరించుకుంటుంది.
రూరీ. గోలీ. ఆవిడ కొడుకు.

ఆటకి ముందు గ్లవ్స్ తీసి చేతులు చూపించాడు రూరీ.
తెల్లవారుజాము మూడింటి నుంచి
చేపల మార్కెట్లో ఐసుపెట్టెలు మోసిన చేతులు,
వేళ్ళ సందుల్లో సన్నటి ఎర్రగీతలు.
తీసుకున్నాను ఆ ఫోటో.
దాన్నెవరూ కొనరు.

వచ్చినవాళ్ళు నూట పద్దెనిమిది మంది,
కుక్కల్ని కలిపితే నూట ఇరవైమూడు.

రెండో సగంలో హార్ వచ్చింది.
ఆ తీరంలో దాని పేరు అది,
సముద్రం లేచి ఊళ్ళోకి నడిచొచ్చే పొగమంచు.
ముందు మూలజెండా పోయింది,
తర్వాత అవతలి గోల్‌పోస్టు,
తర్వాత నా లెన్సు కొసే నాకు కనబడలేదు.
రిఫరీ ఆట ఆపలేదు.
ఆపితే మళ్ళీ రావాలి,
రెండో ప్రయాణానికి పెట్రోలు డబ్బులు
ఎవరి దగ్గరా లేవని ఆయనకీ తెలుసు.

డెబ్భై మూడో నిమిషం.
ధబ్‌మని ఒక దెబ్బ.
వల చిన్నగా నిట్టూర్చిన చప్పుడు,
లేదా అలదేమో.
ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.
ఒక కుక్క మొరిగింది.

అందరూ నా చుట్టూ మూగారు.
అరచేయంత తెరమీద
పన్నెండు ఫ్రేములూ తెలుపే.
పదకొండోదాంట్లో మూలన
నారింజరంగు మరక.
"నా బూటు!" అన్నాడు మర్డో.
"నా కోటు" అన్నాడు ఇన్నెస్ తాత, పడవలోంచి.
రిఫరీ విజిల్ నోటిదాకా తెచ్చి
మళ్ళీ దించేశాడు.

అప్పుడు మంచులోంచి రూరీ గొంతు,
దూరమెంతో తెలియనంత మామూలుగా:
"లోపలికెళ్ళింది.
నా వేళ్ళు తాకే వెళ్ళింది."

ఒకటి, సున్నా.
మైకులో యూనా స్కోరు చదివింది.
ఈసారి గొంతు సవరించుకోలేదు.

ఆదివారం లోతట్టు ఊరు, విస్కీ గోదాముల వెనక ఆడవాళ్ళ లీగు.
బురద, ఎండ, ఐదు గోల్స్.
ఐదూ దొరికాయి, ముఖాలతో సహా.
అరవై పౌండ్లు.
వాటిలో ఒక్కటీ ఇప్పుడు గుర్తులేదు.
గుర్తున్నదల్లా గీతకివతల షోనా,
పదిహేడేళ్ళుంటాయి,
తొంభై నిమిషాలూ ఒళ్ళు వేడిచేసుకుంటూనే ఉంది.
పిలవలేదు.
ఆట అయ్యాక కూడా ఇంకో రెండుసార్లు
గీత వెంబడి పరుగెత్తింది.

రాత్రి బస రేడియేటరు మీద సాక్సులారేసి
అక్కర్లేనివి చెరుపుతూ కూర్చున్నాను.
నాలుగువందలు పోయాయి.
పదకొండో తెలుపు దగ్గర వేలు ఆగింది.
కింద రాశాను:
డెబ్భై మూడో నిమిషం, గోల్.
చూసినవాడు: గోలీ.
గ్రిజెల్‌కి పంపాను.

పేపర్లో రాలేదు.
బుధవారం యూనా ఫోను.
పైల కిటికీ పక్కన గోడకి పెద్దది కావాలట.
వెల మాట్లాడుకున్నాం: బతికున్నన్నాళ్ళూ
వెళ్ళినప్పుడల్లా ఒక పై.
పెట్టేయబోతూ ఆగి అడిగింది,
ఏ వైపు పైకి రావాలో
వెనకాల పెన్సిలుతో కాస్త గుర్తుపెట్టి పంపమని.