పిల్లి వైపు నుంచి

ఆ చెక్‌పోస్టు దగ్గర గాలి తప్ప ఎవరూ తొందరపడరు.
ఇటు చూస్తే ఉప్పు మైదానం, అటు చూస్తే ఉప్పు మైదానం,
మధ్యలో ఎరుపూ తెలుపూ చారల ఇనుప గొట్టం,
రేకుల గది, ఇద్దరు జవాన్లు.
రోజుకి నాలుగు లారీలు. మంగళవారం మా బస్సు.

నేను ఆ బస్సులో టికెట్లు కోసేవాణ్ణి. పంతొమ్మిదేళ్ళు.
ఇప్పుడు మా మనవడికి ఆ వయసు, వాడికీ ఏమీ తోచదు.

జవాను పేరు ఎలియోదోరో. చెడ్డవాడని ఎవరూ అనలేదు.
తల్లికి నెలనెలా డబ్బు పంపేవాడు,
లంచం అడిగి ఎరగడు.
ఆ మధ్యాహ్నం మాత్రం పొద్దు
చొక్కాకంటిన జిగురులా ఊడిరాలేదు.
గోడ మీది మేకులు లెక్కపెట్టాడు,
బూట్ల తాళ్ళు విప్పి కట్టాడు, విప్పి కట్టాడు,
ఈగని గ్లాసు కింద మూసి
జాలేసి వదిలేశాడు.
అవును, ఈగని వదిలేశాడట. తోటి జవాను చెప్పాడు.

అప్పుడు మేం వచ్చాం.

సతుర్నినా దిగింది, వీపున చారల గుడ్డలో మూట.
మంచులో ఆరబెట్టిన నల్ల ఆలుగడ్డలు, గులకరాళ్ళంతేసి,
చెల్లెలి బిడ్డ నామకరణానికి.
"ఎన్ని?"
"తెలీదు బాబూ, ఒక మూట."
"లెక్కపెట్టు."
ఏ చట్టంలోనూ లేదది. అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.
పొద్దుటినుంచీ ఏమీ తోచనివాడికి
ఏదో ఒకటి తోచింది, అంతే.

మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టింది,
తన భాషలో కాదు, అతని భాషలో.
రెండు వందల పన్నెండు దగ్గర
"నీ ఊరేది?" అన్నాడు.
చెప్పింది. అంకె జారిపోయింది.
"మొదట్నుంచీ."

బస్సులో మేం ముందు మాట్లాడలేదు.
తర్వాత బట్టల వ్యాపారి అన్నాడు, మూడొందలు దాటవని.
వెనక సీట్లోంచి ఇంకెవరో, దాటుతాయని.
టికెట్ల వెనక పందేలు రాసింది నేనే.
వేయించిన మొక్కజొన్నలు చేతులు మారాయి,
పిల్లల్ని కిటికీ దగ్గరికి ఎత్తి పట్టుకున్నారు.
అంత దూరపు దారిలో
మాకు తెలియకుండా గడిచిన అరగంట అదొక్కటే.

రెండో జవాను కసిమీరో,
అదే గది, అదే గాలి, అవే మంగళవారాలు,
ఉప్పురాయితో చదరంగం బలగం చెక్కినవాడు,
ఒక్క గుర్రానికే రెండు నెలలు పట్టిందట.
తోచనితనం అందరినీ ఒకేలా చెడగొట్టదని
అతన్ని చూపించి వాదిద్దామనుకుంటాను.
కానీ ఆ రోజు అతనూ
కుర్చీ తెచ్చుకుని బయట కూర్చున్నాడు.

కోపానికి కారణం వెతుక్కోవాలి.
అత్యాశకి లాభం కనబడాలి.
దీనికి మాత్రం ఎదురుగా ఒక మనిషుంటే చాలు,
ఆ మనిషి మీద పగ కూడా అక్కర్లేదు.
అలాగని నేరమంతా దాని నెత్తిన రుద్దలేను.
పెన్సిలు నా చేతిలో ఉంది.
అది దానంతటది రాయలేదు.

మూడు వందల అరవై ఒకటి.
"సరే, వెళ్ళు," అన్నాడు ఎలియోదోరో.
అప్పటికే అతని మొహంలోకి మధ్యాహ్నం తిరిగొచ్చేసింది.
గొట్టం పైకి లేచింది.

పనిలేనివాడు పిల్లి తల గొరిగాడని
నవ్వుతూ చెప్పుకుంటాం.
పిల్లి వైపు నుంచి ఆ సామెత
ఎవరూ చెప్పగా వినలేదు.

ఆమె అతన్ని చూడనేలేదు.
బస్సెక్కి, నా ముందు నిలబడి,
నాకు రావలసిన డబ్బులిచ్చింది.
చిల్లర తిరిగిచ్చాను, ఐదు నాణేలు.
అరచేతిలో వరసగా పేర్చుకుని
పైకి లెక్కపెట్టింది, నా కళ్ళలోకి చూస్తూ,
ఒకటి,
రెండు.
నలభై ఏళ్ళయింది.
ఆ లెక్క ఇంకా ఐదుకి చేరలేదు.