పట్టుపలక

గుంట వచ్చి గుమ్మంలో నిలబడింది.
"మావా, పాడైపోయిన స్పీకర్లు ఉన్నాయేటి?"
ఉన్నాయేటి అంటే,
నా కొట్టు నిండా అవే కదా.
నీలమణి సౌండ్స్, మెయిన్ రోడ్డు, టెక్కలి.
డీజే బళ్ళొచ్చాక పెళ్ళిళ్ళు నన్ను పిలవడం మానేశాయి.
తిత్లీ రాత్రి పైరేకులు ఎగిరిపోయి
మిగిలినవీ నానిపోయాయి.
అట్ట చినిగి, రాగితీగ పచ్చబడి
గోడవారన నోళ్ళు తెరుచుకుని పడున్నాయి.

పేరు ఢిల్లీశ్వరి. తొమ్మిదో తరగతి.
పేరులోనే ఢిల్లీ, మనిషి పలాస దాటలేదు.
విమానం చేస్తాదట,
బాసికాలు కట్టే నాన్నమ్మ దగ్గర
మిగిలిన జీలుగు బెండుతో.
"సూది గుచ్చితే బెండు చీరుకుపోతాది మావా.
గుచ్చకండా పట్టుకోవాల."

గుచ్చకుండా పట్టుకోవడం.
ఆ మాట రెండు రాత్రులు నా చెవిలో
ఎర్తింగు లేని మైకులా గీపెట్టింది.

పాలిషింగు ఫ్యాక్టరీ నుంచి కూర్మారావు
మోపెడు మీద రాయి తెచ్చాడు.
నీలంరాయి, చాపంత.
సన్నటి జీర ఉందని ఓడెక్కనివ్వలేదట.
దాని మీద గ్లాసుడు నీళ్ళు పోశాను.
ఎటు పోవాలో తేలక
నీళ్ళు అక్కడే నిలబడ్డాయి.
చదును అంటే అదీ.

ఇక ఇనుము.
బీరువా తలుపు ఊడదీశాను.
తాళం పోయి ఏడేళ్ళు, దాచేదీ ఏమీ లేదు.
రేకు కోసి, అంచులు కొట్టి, జిగురు రాసి
రాయి మీద పరిచి
రెండు బస్తాల రేషను బియ్యం ఎత్తాను.
తెల్లారి చూస్తే నడిమధ్య అప్పడంలా పొంగి ఉంది.
గుంట నవ్వలేదు. అదే నయం.
పీకి, గీకి, మళ్ళీ అతికించాం.

అయస్కాంతాలు ఊడదీయడం ఇంకో కథ.
ఉలి జారి ఒకటి రెండు ముక్కలయ్యింది.
కలుపుదామని దగ్గర పెడితే
పంపకాలైన అన్నదమ్ముల్లా తోసుకున్నాయి.
ఒక్కటిగా ఉన్నన్నాళ్ళూ
లోపల ఇంత పంతం ఉందని ఎవరికి తెలుసు?
అలాగే వాడాం, చెరో మూలకీ ఒకటి.

ఒక్కో చక్రానికీ ఒక్కో చెక్క ముక్క,
మూలమట్టం పెట్టి నిలువుగా అతికించింది.
రేకు మీద గీతల కాగితం, దాని మీద పాలితిన్ కవరు.
బెండు పక్కటెముక నిలబెట్టి
ఇటొకటి, అటొకటి వదిలింది.
టక్.
నాలుగేళ్ళలో నా కొట్లో పలికిన మొదటి చప్పుడు.
ఎన్ని సన్నాయిలు ఊగాయో వీటి నడుమ,
ఎన్ని అప్పగింతలు, ఎన్నిసార్లు "హలో మైక్ టెస్టింగ్".
పాట పోయింది.
పట్టు పోలేదు.

రాత్రి కరెంటు లేదు.
కొవ్వొత్తి పట్టుకుని ఒక్కణ్ణే చూశాను:
పదకొండు ఎముకలు నిటారుగా,
ఎవరూ నొప్పించకుండా నిలబెట్టినవి.
చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.
జిగురు ఆరాలి.

పొద్దున్నే వచ్చింది, బడి సంచీతోనే.
నేను లాగబోతే కసిరింది:
"లాక్కూడదు మావా, జరపాల."
జరిపింది.
రెక్క లేచొచ్చింది,
ఒంటి మీద ఒక్క బెజ్జం లేకుండా.
అరచేతిలో పెడితే
ఉందో లేదో తెలియలేదు.

ఆ ఊపులో మూడు రోజుల్లో రెండోదీ కట్టేశాం.
కూర్మారావుని పిలిచి చూపించాం.
వాడు రెండూ పక్కపక్కన పెట్టి
బుర్ర గోక్కున్నాడు.
"రెండూ కుడివేనేటర్రా?"

కాసేపు ఎవరం మాట్లాడలేదు.
తర్వాత గుంట
తలకి రాసే కొబ్బరినూనె అడిగి
గీతల కాగితానికి పట్టించి, తిరగేసి
పలక మీద పరిచింది.
వెనక నుంచి గీతలన్నీ
ఎడమ రెక్కై కనిపించాయి.