కొత్తనూరు దిన్నె

మా ఊళ్ళోనూ దిన్నె అంటే దిన్నే.
కన్నడంలోనూ అదే మాట.
ఒకే మాట రెండు భాషల్లో
ఒకేలా ఆయాసపడటం
ఇక్కడికొచ్చాకే విన్నాను.

బెంగుళూరు చదునైన ఊరని
స్కూటర్ల మీద పోయేవాళ్ళు చెప్తారు.
వాళ్ళని తప్పుపట్టను.
పెట్రోలుకి మోకాళ్ళుండవు.

ఆరుంబావుకి బయల్దేరతాను.
వెనక క్యారియర్ మీద ఐసు పెట్టె,
ముందు బుట్టలో సూదులు, దూది, రబ్బరు పట్టీ,
పరగడుపున కాచుకున్న
పదకొండు మంది చిరునామాలు.

పాల బూత్ దాకా దారి నన్ను నమ్మిస్తుంది.
అయ్యంగార్ బేకరీ దగ్గర
కంటికంటే ముందు చైనుకి తెలుస్తుంది.
మూడో గేరు పట్టదు.
ఖలందర్ రెండుసార్లు విప్పి చూసి
"పళ్ళరిగిపోయినాయక్కా, ఇంక నమల్లేదు" అన్నాడు.
ఒకటికి దిగాల్సిందే.
కాళ్ళు గిర్రున తిరుగుతుంటాయి,
సైకిలు మాత్రం నెలాఖరులా కదులుతుంది.

పైకి చూడకూడదు.
అది నేర్చుకోడానికి రెండు నెలలు పట్టింది.
ముందు చక్రానికి జానెడవతల ఏముందో అదే చూడాలి:
మూత సరిగా కూర్చోని మ్యాన్‌హోలు,
రాలి నలిగిన కానుగ పూలు,
కాంక్రీటు ఆరకముందే నడిచిపోయిన
కుక్క అడుగులు నాలుగు.
అదీ పైకే పోయింది.

ఎళనీరు బండి దగ్గర కెంపయ్య
రోజూ ఒకే మాట, "ఇళిదు తళ్ళక్కా".
దిగి నెట్టమని.
మొదట్లో దిగేదాన్ని.
దిగితే పెట్టె బరువంతా మణికట్టుల్లోకొస్తుంది.
ఇప్పుడు జవాబు చెప్పను.
జవాబుకి ఊపిరి కావాలి.

దిన్నె మీద మూడో అంతస్తులో లలితాక్షమ్మ.
లిఫ్టు లేదు.
ఆవిడ నరాలు ఎంతకీ దొరకవు.
మోచేతి మడతలో వేలానించి వెతుకుతుంటే
లోపల దడదడమంటున్నది
ఆవిడదో నాదో తెలియక
ఒక నిమిషం ఊరికే కూర్చుంటాను.
"ఇంత మెల్లగా నన్ను ముట్టుకునేది
నువ్వొక్కదానివే" అంటుంది.
అది ఆయాసమమ్మా అని
చెప్పబుద్ధి కాదు.

దిగేటప్పుడు హాయేగా అంటారు ల్యాబులో.
వెనక పదకొండు మంది నెత్తురుంది.
కుదిపితే చెడిపోతుంది, మళ్ళీ పొడవాలి.
రెండు బ్రేకులూ పిసికి పట్టుకుని
ఎక్కిన దిన్నెనంతా
వేళ్ళతో తిరిగి కట్టేస్తూ దిగుతాను.
రబ్బరు కాలిన వాసన
మధ్యాహ్నం అన్నంలో కూడా వస్తుంది.

మొన్న బంద్ రోజు
సగం పైనే ఎక్కాక ఫోనొచ్చింది,
ఇవాళ శాంపిళ్ళొద్దు, వెనక్కొచ్చేయమని.
రోడ్డు మీద పురుగు లేదు.
పెట్టెలో ఐసు తప్ప ఏమీ లేదు.

సైకిలు తిప్పాను.
బ్రేకుల మీంచి వేళ్ళు
ఒక్కొక్కటే తీశాను.

బేకరీ, బూత్, కానుగలు,
చెవుల్లో గాలి.
మూసిన బండి పక్క అరుగు మీంచి
లేచి నిలబడి కెంపయ్య ఏదో అరిచాడు.

ఏ భాషలోనో వినపడలేదు.