మిస్టర్ రాజలింగు

"నీ గురించి చెప్పు, మిస్టర్ రాజలింగు."

రాజలింగు మా నాయన.
నేను లింబాద్రిని.
పాస్‌పోర్టు రాసినోడు ముందుది వెనుకకేసిండు.
పదమూడేండ్లసంది ఈ ఎడారిల
మా నాయననే డ్యూటీకి పిలుస్తున్నరు.

రాత్రి రూముల పోశెట్టి రిహార్సల్ చేయించిండు
మీది మంచం మీద కాళ్లు వేలాడేసి, తనే మేనేజరై.
నీ బలమేంది? కష్టపడి పనిచేస్త సార్.
నీ బలహీనతేంది? ఎక్కువ కష్టపడుత సార్.
కింది మంచం నేపాలాయన నిద్రల నవ్విండు.
అంగీ కూడ పోశెట్టిదే. మెడకాడ గుండీ పట్టలే.

ముసఫ్ఫా ఆఫీసుల ఏసీకి పండ్లు కొట్టుకుంటున్నయ్.
"నడుమ పదకొండు నెలలు ఖాళీ. ఏడున్నవ్?"

కల్లివెల్లి అయి లీవా దిక్కు మజ్రాల మేకలు కాసిన.
జీతమడిగితే రెండు రోజులు నీళ్ల ట్యాంకరు రాలే.
ఇది చెప్తే కొలువు రాదు.
"ఇంటికాడ ప్రాబ్లం సార్" అన్న.
ఏ ఇల్లని ఆయన అడగలే.

"ట్యాంకు మూతికాడ కూసునే పని.
ఎంతమంది దిగిన్రు, ఎంతమంది ఎక్కిన్రు, అదే లెక్క.
మనిషి దిగేముందు ఏం చేస్తవ్?"

ఇది పోశెట్టి కాయితంల లేదు.
నోరే జవాబిచ్చింది:
"కందిలి దించుత సార్. దీపం ఆరితే మనిషిని దించ."

ఈజిప్టు ఇంజినీరు కుర్చీల వెనుకకు వాలి నవ్విండు.
"ఆయిల్ ట్యాంకుల దీపమా? రువైస్ మొత్తం లేస్తది!"
చెవులు కాలినయ్.
గ్యాస్ మీటరు, పర్మిట్టు, బెల్టు, తాడు,
వచ్చిన ఇంగ్లీషంత ఒప్పజెప్పిన.
ఆయన నవ్వు ఆపి, "దీపం ఎవరు నేర్పిన్రు?"

"రాజలింగు" అన్న.
ఒకసారి పాస్‌పోర్టు చూసిండు, ఒకసారి నన్ను.

మా నాయన బాయిలల్ల పూడిక తీసెటోడు.
ఏడేండ్లోన్ని, ఒడ్డు మీద తాడు పట్టుకొని నేను.
గంప మీదికొచ్చినప్పుడల్ల వంగి అరిచేది:
"నాయనా, ఉన్నవా?"
అడుగునుంచి బురద గొంతు: "ఉన్న బిడ్డా."
ఒక్కోసారి ఆల్శెంగ.
ఆ ఆల్శెంల నాకు ఎంత వయసొచ్చేదో
ఏ ఇంగ్లీషుల చెప్పాలె? చెప్పలే.

"ఫోన్ చేస్తం" అన్నరు. అందరికీ అదే అంటరట.

తిరుగు బస్సుల పోశెట్టి ఫోను:
"బలహీనత అడిగిన్రా?"
అడగలే.
గుండీలు రెండు తీసిన. బయట ఇసుక, షెడ్లు, ఇసుక.
"నాయనా, ఉన్నవా?" అన్న, పెదవుల్లోనే అనుకున్న.
పక్క సీటు పెషావరాయన
చోటడిగిన్ననుకొని
ఇంత జరిగి కూసున్నడు.