సగం కూలి

బెరడు విప్పితే కింద
తల్లి పురుగు తొలిచిన నిలువు బాట,
ఇరువైపులా పిల్లలు తింటూ పోయిన దారులు
దువ్వెన పళ్ళలా.
ఓరవా లోయలో ఏప్రిల్, మంచు ఇంకా కరగలేదు.
ల్యుబిత్సా మోకాళ్ళ మీద కూర్చుని
ఉలి మొనతో మిరియపు గింజంత పురుగును తీసి
సీసాలో వేసి చీటీ రాస్తుంది:
స్ప్రూస్. గాలికి పడిన చెట్టు. ఉత్తరపు వాలు. పదిహేడు.

ఆమెకు కావలసింది పురుగు కాదు.
పురుగు రెక్క చాటున కంటికి ఆనని నల్లి,
నల్లి ఒంటి మీద చిన్న సంచి,
సంచిలో బూజు బీజం.
టిక్కెట్టు లేని ప్రయాణికుడి జేబులో
ఇంకో ప్రయాణికుడు.

మాల్ట్ పోసిన గాజుపళ్ళెంలో
మూడో రోజు తెలుపు, పదో రోజు బూడిద,
ఇరవయ్యో రోజుకి
మెడ పొడుగు నల్ల కూజాలు,
ఒక్కోదాని మూతి మీద జారిపడని చెమట బొట్టు.
మెడ కొలిచింది, మూతి కొలిచింది,
బొట్టులోని బీజాల వంపు చూసింది.
పుస్తకంలో ఉన్నదేలే అనుకుని
పళ్ళెం పక్కన పెట్టింది.
దాని మీద ఇంకో డబ్బా పెట్టింది.

శరత్కాలంలో బ్రటిస్లావా నుంచి అక్షరాలొచ్చాయి.
నాలుగే అక్షరాలు, ఆరువందల గళ్ళు,
పంతొమ్మిది చోట్ల తేడా.
కవలలనుకున్నవాళ్ళు
ఒక తల్లి పిల్లలే కారు.
డబ్బా తీసి మళ్ళీ చూస్తే
కూజా మెడ మొదట్లో నాలుగైదు వెంట్రుకలు.
నిన్నా ఉన్నాయవి. మొన్నా ఉన్నాయి.

"నీలం రెండు రకాలమ్మా" అని
మొదటి ఏడాదే చెప్పాడు వెండెలీన్,
రంపపు మిల్లులో ముప్పైనాలుగేళ్ళు బల్లలు కోసినవాడు.
"ఒకటి చిత్రిక పడితే పోతుంది.
ఇంకోటి, నువ్వు చెక్కేకొద్దీ
నీకంటే ముందే లోపలుంటుంది."
ఆమె అప్పుడు తల ఊపింది.
రాసుకోలేదు.

ఇప్పుడు పేరు పెట్టాలి.
ఇక్కడా మన లెక్కే, ఇంటిపేరు ముందు:
ఒఫియోస్టోమా, అంటే పాము నోరు.
దాని పక్కన ఖాళీ.
ఈ బారసాలకి ఒక షరతుంది,
బతికున్న బిడ్డను చూపిస్తే చెల్లదు.
ఒక పళ్ళెం ఎండబెట్టి, కవరులో పెట్టి,
అంకె వేసి బీరువాలో దాచాలి.
ఎండిన ఆ ఒక్కటే ఇక అసలుది.
పెరుగుతున్నవన్నీ దాని పోలికలు.

"మీ పేరు పెడతాను" అంది ల్యుబిత్సా.
"నా పేరా? వద్దు.
నీలం తేలిన బల్లకి సగం కూలే ఇచ్చేవాడు ఫోర్‌మన్.
ఆ వారం మా ఆవిడ పుల్ల క్యాబేజీ చారులో
బంగాళాదుంపలు లెక్కపెట్టి వేసేది.
ఆ దొంగకి నా పేరా?"
కాసేపాగి,
"ఫోర్‌మన్ పేరు పెట్టు, సరిపోతుంది" అన్నాడు.
నవ్వాడు, దగ్గాడు,
ఇద్దరి టీలోనూ రమ్ము పోశాడు.

ఆయనిచ్చిన దుంగ ముక్క
రాత్రంతా ఆమె మేజా మీదే ఉంది.
అడ్డకోతలో
బయటి మెత్తచెక్క అంతా మేఘం పట్టినట్టు నీలం,
లోపల చేవ మాత్రం పాలిపోయిన పసుపు.
అంతవరకూ వచ్చి ఆగిపోయింది.

డిమిడియాటం, అని ఖాళీలో రాసింది.
పేరుకు కారణం చెప్పే చోట ఒక్క వాక్యం:
నీలం చెక్కలో సగం దాకే పాకుతుంది కనుక.
అది అబద్ధం కాదు.
సంపాదకుడు ఒక కామా మార్చి అచ్చుకి పంపాడు.

కాగితం పట్టుకెళ్ళి ఇస్తే
వెండెలీన్ కళ్ళద్దాలు వెతుక్కుని
తలకిందులుగా పట్టుకుని, తిప్పి,
బొమ్మలో కూజాలు చూశాడు చాలాసేపు.
"ఇంతకీ ఏం పెట్టావ్?"
"సగం."

కాగితం నాలుగు మడతలు వేసి
చొక్కా జేబులో పెట్టుకున్నాడు.
"మరి మిగతా సగం
ఎప్పుడిస్తారట?"