రెండంతస్తుల ప్రశ్న

మత్తు డాక్టరు చీటీ మీద ఒకటే ముక్క:
గుండె చూసి పంపండి.
చిత్తూరు ఆస్పత్రిలో ఎకో గది నాది.
జెల్లీ చల్లగా ఉంటుందని ముందే చెబుతాను,
అయినా అందరూ ఉలిక్కిపడతారు.

చెంగల్రాయప్ప ఉలిక్కిపడలేదు.
ముప్పై ఏళ్ళు బెల్లం పొయ్యి ముందు కాగిన ఒళ్ళు.
సోమవారం హెర్నియాకి కోత.
ఫారంలో ఉన్నదే అడిగాను:
రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలవా?

"మా పల్లెలో మిద్దె మీద మిద్దె యాడిది సార్!
చెరుకు మోపు మోసేవోణ్ణి.
ఆయాసమంటే ఎట్టుంటాదో నాకు తెలీదు."

రాయబోయాను.

తలుపు దగ్గర ముత్యాలక్క,
చెప్పులు చేత్తో పట్టుకుని:
"మోపెత్తి రెండేండ్లాయె.
గానిగ కాడ్నించి ఇంటికి మూడు తూర్లు నిలబడతాడు.
ఒగసారి బీడీకంటాడు.
ఒగసారి మబ్బు చూస్తాడు.
ఇంగోసారి ఏమీ దొరక్క
నన్ను తిడతాడు, నిలబడుకోని."

అతను గోడవైపు తిరిగాడు.
ఎడమకి తిరగమన్నది నేనే,
కానీ అందుకు తిరగలేదు.

తెరమీద కవాటం
తుప్పుపట్టిన గొళ్ళెంలా సగమే కదులుతోంది.
ఆ సందులోంచి దూరే నెత్తురు
మిషన్లో ఈల వేసింది.

"సోమవారం లేనట్టేనా?" అన్నాడు,
బడికి సెలవిచ్చినట్టు.
ముందు గుండె సంగతి తేలాలన్నాను.
మత్తు డాక్టరు రెండో అంతస్తులో.
లిఫ్టు చెడిపోయి వారం.

సగం మెట్ల దగ్గర
ముత్యాలక్కే ముందు ఆగింది.
కూర్చుని, చెప్పు వారు
విప్పింది, పెట్టింది, మళ్ళీ విప్పింది.
వారు బాగానే ఉంది.

అతను పైనించి గొణుగుతూ
ఊపిరి తీసుకుంటున్నాడు.